బెల్లం ధర కింద నల్ల వెలుగు

మా ఇంట్లో మధ్యాహ్నాలకు మైదా లై వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పోస్టర్లు అంటించేవాడు బకెట్లో చెయ్యి పెట్టి లై కలుపుతుంటే రెండు నిమిషాలు ఆగిపోతాను, చూసేవాళ్ళు ఏమనుకున్నా సరే. ఆ వాసన వెంట బెల్లం వస్తుంది, ఎండుమిరప వస్తుంది, కొత్త గోనెసంచుల ఘాటు వస్తుంది. వాటన్నిటి మధ్య మా వదిన గోడకు చేరగిలబడి, ఒడి నిండా చిత్తుకాగితాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకుంటూ ఉంటుంది.

మాది వరంగల్ బీటుబజారులో కిరాణం అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెండింటి మధ్య సరుకుల గది. ఆ గదికి కిటికీ లేదు. పైన గూనపెంకులు. పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా దిగి గాలిలో తేలే మిరప దుమ్మును చూపించేది. మధ్యాహ్నం రెండు దాటితే బజారు కూడా ఒక కునుకు తీసేది. ఆ వేళప్పుడు నాకు ఏది నిజంగా జరిగిందో, ఏది కాగితంలో చదివానో, ఏది నేనే అల్లానో తేడా తెలిసేది కాదు. తెలుసుకోవాలని అనిపించేదీ కాదు.

పదో తరగతి కాగానే నన్ను బడి మాన్పించారు. ఎందుకని అడిగితే అమ్మ, "ఇంకెంత సదువుతవే? పొట్లాలు గట్టనీకి పది సాలదా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. తర్వాత జరిగినదానికి ఆ మంటను సాకుగా చూపించుకోవాలని చాలాసార్లు అనిపించింది. చూపించను. తప్పు నాదే.

మా వదిన, అంటే మా అన్న భార్య, తొర్రూరు ఆడపిల్ల. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. నన్ను "పిల్లా" అని పిలిచేది. భోజనాలయ్యాక మేమిద్దరం సరుకుల గదిలో కూర్చుని కాగితపు సంచులు అతికించేవాళ్ళం. అంగడికి రద్దీ కాగితం మూటలు మూటలుగా వచ్చేది. పాత పేపర్లు, పిల్లల పరీక్షల జవాబులు, అట్టలూడిన పుస్తకాలు. వదినకు చదువు పిచ్చి. ఏ కాగితమైనా చదవందే దానికి లై పూసేది కాదు. మేం నాలుగు సంచులు చేసేలోపు పక్కింటివాళ్ళు నలభై చేస్తారని అమ్మ గొణిగేది.

చిక్కేమిటంటే కాగితంలో అన్నీ సగం సగమే ఉండేవి. మిగతా సగం అప్పటికే ఏ ఊరి జీలకర్రకో చుట్టుకుని పోయి ఉండేది. అందుకని మాకొక ఆట కుదిరింది. కాగితం తెగినచోట వదిన ఆగి, "తోక పెట్టు పిల్లా" అనేది. నేను ఆ కాగితాన్నే పట్టుకుని, అక్కడ ఉన్నది చదువుతున్నట్టుగా మిగతా కథ చెప్పాలి. తడబడకూడదు, నవ్వకూడదు. గొంతు అచ్చులో ఉన్నట్టుండాలి.

ఒకసారి ఏదో కథలో ఒక పిల్ల బావిలోకి తొంగిచూసింది. అక్కడితో కాగితం అయిపోయింది. నేను కాగితం ఎండకు పట్టుకుని, బావిలో నీళ్ళకు బదులు ఇంకో ఆకాశం ఉందనీ, ఆ ఆకాశంలో కూడా ఒక పిల్ల బావిలోకి తొంగిచూస్తున్నదనీ చదివాను. వదిన చేతిలో లై ఎండిపోయింది. అంతా నా కల్పన అని ఆమెకు తెలుసు. తెలిసి కూడా, వారం తర్వాత అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, "గా రెండో పిల్ల ఎవలై ఉంటది పాపం" అంది. మా వదిన అంతే. విన్నది ఏదీ ఆమెలోంచి బయటికి పోయేది కాదు.

నాకు ఇంకో పని కూడా ఉండేది. బాపు, అంటే మా నాన్న, ప్రతి గురువారం చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న అంగళ్ళకు పోస్టుకార్డు మీద ధరలు రాయించి పంపేవాడు. బెల్లం, చింతపండు, మంచినూనె, పప్పులు. ఇరవై కార్డులు. అన్నీ నా చేతిరాతే. రఘునాథపల్లిలో, తొర్రూరులో ఆ కార్డును అంగడి ముందు మేకుకు గుచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళందరూ చదివేవాళ్ళు, చదవడం రానివాళ్ళు చదివించుకునేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క ధర తప్పు పోలేదని బాపుకు మహా గర్వం. "మన కార్డుల మాటంటే మాటే" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

డెబ్బైతొమ్మిది ఎండాకాలంలో ఆకాశం నుంచి ఏదో యంత్రం తునకలై నెత్తిన పడుతుందని ఊరూరా పుకారు లేచింది. ఎట్లాగూ పోతామని కొందరు ఉన్న కోళ్ళన్నీ కోసుకుని తిన్నారు. యంత్రం ఎక్కడో దూరదేశంలో పడింది. మనుషులు మిగిలారు, కోళ్ళు పోయాయి. దాంతో జనానికి బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. "సైన్సోళ్ళు చెప్పిండ్రు" అంటే చాలు, ఒకసారి పైకి చూసే అలవాటు మాత్రం మిగిలింది.

ఆ ఏడే దసరా ముందర మా అంగడికి ఒక కార్డు వచ్చింది. రాసినవాడి పేరు లేదు. వచ్చే మాఘ అమావాస్యకు పెద్ద సూర్యగ్రహణం, గర్భిణులు బయటికి రారాదు, ఈ కార్డు చదివినవారు పదకొండు మందికి రాయాలి, రాసినవారి వ్యాపారం వర్ధిల్లును, రాయనివారికి నెల తిరక్కుండా నష్టం కలుగును. అట్లాంటి కార్డులు అప్పట్లో అందరి ఇళ్ళకూ వచ్చేవి. బాపు దేవుడికి భయపడేవాడో లేదో నేను చెప్పలేను గానీ, నష్టమన్న మాటకు మాత్రం గట్టిగా భయపడేవాడు.

"పదకొండు కార్డులు దండుగ ఎందుకు? ఎట్లాగు ధరల కార్డులు పోతయి గద. కిందనే రాయి, ఇరవై మందికి అందుతది" అన్నాడు. నష్టం తప్పాలి, కార్డులు ఖర్చు కాకూడదు. మా బాపు లెక్క అట్లా ఉండేది. నేను రాయడం మొదలుపెట్టాక అసలు కార్డును పారే నీళ్ళలో వదలాలని చెప్పి తీసుకుపోయాడు. ఆ కార్డుల ఆచారం అది.

ఆ మధ్యాహ్నం వదిన ఇంట్లో లేదు. బతుకమ్మకు తొర్రూరు పోయింది. నేను ఒక్కదాన్నే సరుకుల గదిలో బెల్లం దిమ్మ మీద కార్డులు పెట్టుకుని రాస్తున్నాను. ఎండ పెంకుల్లోంచి దిగుతోంది. ఈగలు తిరుగుతున్నాయి. బెల్లం ధర రాశాను, చింతపండు ధర రాశాను, గ్రహణం సంగతి రాశాను. ఇంకా మూడు వేళ్ళ ఖాళీ మిగిలింది. ఖాళీ చూస్తే నా చెయ్యి ఊరుకోదు. సగంలో ఆగినదానికి తోక పెట్టడం అలవాటైన చెయ్యి.

ఇట్లా రాశాను: "గ్రహణ సమయమున సూర్యుని నుండి కంటికి కానరాని నల్ల వెలుగు వెలువడునని, అది గోడల గుండా సైతము ప్రవేశించి గర్భిణుల దేహమందలి నీటిలో కలిసి శిశువు పెదవిని చీల్చునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కావున ముందురోజు సూర్యాస్తమయము మొదలు గర్భిణులు నీరు ముట్టరాదు."

నల్ల వెలుగు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పెంకుల్లోంచి దిగే ఎండ చుట్టూ ఉన్న చీకటిని చూస్తే తట్టిందేమో. శాస్త్రజ్ఞులు ఎక్కణ్ణుంచి వచ్చారో మాత్రం తెలుసు. నా పదో తరగతి సైన్సు పుస్తకంలో పేజీ పేజీకీ వాళ్ళుండేవాళ్ళు. ఆ మాట రాస్తుంటే నేను ఇంకా బడిలో ఉన్నట్టే అనిపించింది. రాసింది చదువుకుంటే ఎంత బాగుందో! మురిసిపోయాను. ఇరవై కార్డుల మీదా అదే రాశాను. వదిన ఉండి ఉంటే విని, పకపకా నవ్వి, అది అక్కడితో ఆగిపోయేది.

కార్తీకం దాటాక వదిన నీళ్ళోసుకున్న సంగతి ఇంట్లో చెప్పారు. అప్పటికే అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ఎవరి కళ్ళూ పడకుండా అన్నకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఇది మూడోది. హనుమకొండ దవాఖానలో లేడీ డాక్టరు పరీక్ష చేసి, ఒంట్లో నీళ్ళు తగ్గి జ్వరం వచ్చిపోతోందని, గంట గంటకూ నీళ్ళు తాగాలని గట్టిగా చెప్పి పంపింది. నీళ్ళు తాగించే పని నాకు అప్పగించారు. రాగి చెంబు పట్టుకుని వదిన వెనకే తిరిగేదాన్ని. "నువ్వు నా ఆడబిడ్డవా, చలివేంద్రమా?" అని వదిన ఆటపట్టించేది.

ఆ రోజుల్లో ఆమె నడుస్తుంటే ఇల్లంతా నెమ్మదిగా నడిచేది. అమ్మ గొణుగుడు మానేసింది. అన్న అంగట్లోంచి ఏదో వంకన లోపలికి వచ్చి, ఒకసారి చూసి పోయేవాడు. నేను కథల తోకలన్నీ శుభంగా ముగించేదాన్ని.

మార్కెట్‌కు పత్తి బండ్లు జోరుగా వచ్చే రోజులు. ఒక రద్దీ మూట విప్పితే పైనే గులాబీరంగు కరపత్రాలు కట్టలుగా ఉన్నాయి. ఎక్కడో ఎవరో అచ్చు వేయించి, పంచగా మిగిలినవి తూకానికి అమ్మేశారు. వదిన ఒకటి తీసి చదవడం మొదలుపెట్టింది. నేను లై కలుపుతున్నాను.

"పిల్లా, ఇది విన్నవా? నల్ల వెలుగట."

కాగితం లాక్కుని చూశాను. నా మాటలే, దాదాపు అక్షరానికి అక్షరం. పైన "గర్భిణులకు హెచ్చరిక" అని పెద్ద అక్షరాలు చేరాయి. శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులయ్యారు. నేను బెల్లం దిమ్మ మీద పెట్టుకుని రాసింది ఊళ్ళన్నీ తిరిగి, అచ్చు చొక్కా తొడుక్కుని, మా సరుకుల గదికే వచ్చి కూర్చుంది. నిజం చెప్పొద్దూ, భయానికి ముందు ఒక్క క్షణం నాకు గర్వమేసింది. అంత సిగ్గుమాలిన క్షణం నా జీవితంలో ఇంకొకటి లేదు.

వదిన చెయ్యి కడుపు మీదికి పోయింది. "గోడలల్లకెళ్ళి గూడ వస్తదట. నీళ్ళల్ల కలుస్తదట."

"వదినా, అది నేను రాసిన."

"ఏంది?"

"గా నల్ల వెలుగు. నువ్వు తొర్రూరుల ఉన్నప్పుడు ధరల కార్డు కింద రాసిన. జాగ ఉంటే తోక పెట్టిన. అసొంటిది ఏం లేదు."

ఆమె నవ్వి నా తల నిమిరింది. "నీకు నా మీద మస్తు పావురముంది పిల్లా. నేను నీళ్ళు బందు పెడ్తనని అబద్ధమాడుతానవ్."

"ఒట్టు వదినా!"

"మరి అమెరికోళ్ళకు గూడ నువ్వే రాసి పంపినవా?"

నా మాట కన్నా నా మాటకు వచ్చిన అచ్చే ఆమెకు ఎక్కువైంది. అబద్ధం చెబితే వారాల తరబడి గుర్తుపెట్టుకున్న మనిషి, నిజం చెబితే తల నిమిరి ఊరుకుంది.

బాపు దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. వచ్చే గురువారం కార్డుల మీద, దసరా ముందు రాసింది తప్పు అని రాస్తానన్నాను. ఆయన కరపత్రం చదివాడు. నన్ను చూశాడు. నమ్మాడు. ఆ ముఖం నాకు తెలుసు. ఇంట్లో నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషి మా బాపు.

"తప్పని ఎట్ల రాస్తమే?" అన్నాడు గొంతు తగ్గించి. "ఇయ్యాల నల్ల వెలుగు తప్పంటే, రేపు బెల్లం ధర గూడ తప్పే అంటరు. ఇన్నేండ్ల మాట గంగల కలుస్తది. ఊకో. ఒక్క దినమే గద, ఫికర్ చెయ్యకు."

"వదిన నీళ్ళు తాగదట బాపూ."

"డాక్టరమ్మ చెప్తది గని."

డాక్టరమ్మ నిజంగానే చెప్పింది. అన్న తీసుకుపోతే, ఒక పూటంతా నీళ్ళు మానేస్తే నొప్పులు ముందే వస్తాయని, ఏడో నెలలో పుడితే బిడ్డ దక్కడం కష్టమని కోప్పడింది. వదిన బుద్ధిగా తలూపింది. రిక్షాలో వస్తూ అన్నతో, "ఆమె డాక్టరే గని, సైంటిస్టు గాదు గద" అన్నదట.

నేను ఇంట్లో ఉన్న ఖాళీ కార్డులు దొంగిలించి, నల్ల వెలుగు అబద్ధమని, గర్భిణులు నీళ్ళు తాగవచ్చని ఇరవై మందికీ రాశాను. ఇది పదిమందికి చెప్పండి అని కూడా రాశాను. చెబితే లాభమనీ, చెప్పకపోతే నష్టమనీ రాయలేదు. అట్లా రాయడానికి మనసొప్పలేదు. ఒక్కచోటు నుంచే జవాబు వచ్చింది, అదీ బాపు పేరు మీద: "మీ అంగడి పేరుతో ఎవరో దొంగ కార్డులు రాస్తున్నారు. చేతిరాత కూడా మీ అమ్మాయిదిలాగే దించారు. జాగ్రత్త పడగలరు." బాపు అది చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు.

గ్రహణం ముందురోజు పొద్దు గూకకముందే వదిన గ్లాసెడు నీళ్ళు తాగి, బోర్లించి పెట్టింది. ఇక ముట్టలేదు. తెల్లారింది. ఎండ ఎక్కింది. మధ్యాహ్నానికి ఆమె పెదవులు తెల్లగా పొక్కులెత్తాయి. నడుము లాగుతోందని ఒకసారి అంది. మళ్ళీ ఏం లేదులే అంది. అమ్మ తులసాకులు డబ్బాల్లో వేస్తూ దేవుణ్ణి తలుచుకుంటోంది. అన్న అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు, వదిన వినలేదు. గోడలు మందంగా ఉంటాయని వదిన సరుకుల గదిలోకి పోయి పడుకుంది. నేనూ రాగి చెంబు, నీళ్ళ బిందె పట్టుకుని వెనకే పోయి తలుపు వేసుకున్నాను.

పెంకుల సందుల్లో గుడ్డలు కుక్కాం గానీ అన్నీ మూయడం ఎవరి తరం? బయట బజారు బజారంతా తలుపులు వేసుకుంది. బండి చప్పుడు లేదు, హమాలీల కేకలు లేవు. అంత నిశ్శబ్దాన్ని నేను బీటుబజారులో మళ్ళీ వినలేదు. మూడు దాటాక వెలుతురు పసుపుగా మారింది, తర్వాత బూడిద రంగుకు వచ్చింది. చల్లగాలి ఒకటి ఎక్కణ్ణుంచో లోపలికి దూరింది. కాకులు సాయంత్రమైందనుకుని అరిచి, ఎందుకో సగంలో ఆపేశాయి.

అప్పుడు చూశాను. పెంకుల సందుల్లోంచి రోజూ గుండ్రంగా పడే ఎండ చుక్కలన్నీ ఆ రోజు నెలవంకలయ్యాయి. గోనెసంచుల మీద, బెల్లం దిమ్మల మీద, నేల మీద, వదిన చీర మీద, ఎత్తుగా ఉన్న ఆమె కడుపు మీద. ఎన్నో సన్నని నెలవంకలు. ఆమె ఊపిరి తీస్తే లేచేవి, వదిలితే దిగేవి. పైన సూర్యుడు సన్నబడి ఆ రూపానికి వచ్చాడని, ప్రతి కన్నం వాణ్ణే దింపుతోందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. నాకు భయం వేయలేదు. అంత అందం నేను ఏ కాగితంలోనూ చదవలేదు. మేమిద్దరం చిన్న చిన్న చందమామలు కప్పుకుని, బావిలోని ఆ రెండో ఆకాశంలో పడుకున్నట్టుంది.

వదిన కళ్ళు తెరిచి కడుపు మీద చూసుకుంది. "వచ్చిందే" అంది. "పిల్లా, నల్ల వెలుగు వచ్చిందే. నా బిడ్డ." రెండు చేతులతో ఆ నెలవంకల్ని తుడిచేయబోయింది. అవి ఆమె చేతుల మీదికి ఎక్కాయి. ఆమె ఏడుస్తుంటే కన్నీళ్ళు రాలేదు. అంత ఎండిపోయింది మనిషి. నడుము పట్టుకుని మూలిగింది.

నాకు చచ్చిపోవాలనిపించింది. నిజం మళ్ళీ చెబుదామని నోరు తెరిచాను. దానికి అంత సమయం లేదని తెలిసిపోయింది. చేతికందిన గులాబీరంగు కాగితం లాగాను. దాని కింది సగం సంచి కోసం చించేసి ఉంది. ఆ కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, తడబడకుండా, అచ్చులో ఉన్న గొంతుతో చదివాను:

"అయితే రాగి పాత్రలోని బెల్లపు నీటిని గ్రహణ సమయమున కడుపు నిండ సేవించిన గర్భిణులకు నల్ల వెలుగు సోకదని, ఇదివరకు ప్రవేశించినది సైతము తొలగిపోవునని అదే శాస్త్రజ్ఞులు నిర్ధారించారు."

"ఉన్నదా? నిజంగ ఉన్నదా?"

"ఉన్నది వదినా. కిందున్నది. నువ్వు మీదిదే చదివినవ్."

"అచ్చుల ఉన్నదా?"

"అచ్చులనే ఉన్నది."

దిమ్మలోంచి బెల్లం గోటితో గీకి చెంబులో వేశాను. వదిన లేచి కూర్చుని రెండు చేతులా చెంబు ఎత్తి, గటగటా, గొంతు కింద నీళ్ళు కారిపోతుంటే, ఒక్క గుక్కన తాగేసింది. మళ్ళీ పోశాను. మళ్ళీ తాగింది. మూడో చెంబుకు నా భుజం మీద వాలి నిద్రపోయింది. కాసేపటికి ఆమె మీది నెలవంకలు లావెక్కి, గుండ్రమై, మామూలు ఎండ చుక్కలయ్యాయి. నేను కదలకుండా కూర్చున్నాను. తల్లీబిడ్డల ప్రాణం నిలిచింది. కానీ మిగతా ఊళ్ళు గుర్తొచ్చాయి. నా కార్డు చదివి, ఏ చీకటి గదిలో ఎవరు ఎండిన నాలుకతో పడుకున్నారో, వాళ్ళ పక్కన తోక పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో. వాళ్ళ సంగతి నాకు ఎప్పటికీ తెలియలేదు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే అన్నం దిగదు.

చైత్రంలో ఆడపిల్ల పుట్టింది. అందరూ ముందు పెదవి చూశారు. నిండుగా ఉంది. చూడవచ్చిన ఆడవాళ్ళందరికీ వదిన బెల్లం నీళ్ళ సంగతే చెప్పింది. ఎనభైలలో ఎప్పుడు గ్రహణం వచ్చినా మా అంగడికి గ్రహణం బెల్లం కోసం మనుషులు వచ్చేవాళ్ళు. బాపు ముందే రెండు దిమ్మలు ఎక్కువ తెప్పించేవాడు. ఆ రోజుల్లో మాత్రం నా కళ్ళలోకి చూసేవాడు కాదు.

బాపు లేడు, వదినా లేదు. వదిన పోయే ముందు కూడా ఒకసారి చెప్పబోయాను. "మళ్ళ మొదలువెట్టినవా పిల్లా" అని నవ్వేసింది.

మొన్న మా ఇంటివాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మేనకోడలు ఒక మెసేజ్ పెట్టింది. ఆ చైత్రం పిల్లే. వచ్చే గ్రహణం నుంచి నల్ల వెలుగు వెలువడునట, గోడల గుండా వచ్చి నీటిలో కలియునట, నాసా వాళ్ళు చెప్పారట, గర్భిణులు ముందురోజు నుంచి నీరు ముట్టరాదట, పదకొండు మందికి పంపాలట. బెల్లం నీళ్ళ మాట లేదు. దారిలో ఎక్కడో తెగిపోయింది. నేను చేసిన చెరుపు మాత్రం చెక్కుచెదరకుండా నలభై ఏళ్ళు దాటి వచ్చింది. మేనకోడలి కూతురు ఇప్పుడు కడుపుతో ఉంది, ఆరో నెల.

"ఇది నేను రాసింది, అబద్ధం" అని టైపు చేసి పెట్టాను. నాలుగు నవ్వు ముఖాలు వచ్చాయి. "అత్తమ్మా, నువ్వు సూపర్" అని మేనకోడలు పెట్టింది. బెల్లం నీళ్ళ సంగతి రాద్దామని వేలు దాకా వచ్చింది. రాయలేదు. చెప్పులేసుకుని ఆటో ఎక్కి హనుమకొండలో వాళ్ళింటికి పోయాను.

మేనకోడలి కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చెప్పాను. మైదా లై, ధరల కార్డులు, మూడు వేళ్ళ ఖాళీ, గులాబీరంగు కాగితం. బెల్లం నీళ్ళు కూడా నేనే కల్పించానని చెప్పాను. సాయంత్రమైంది. పిల్ల బుద్ధిగా విని, చేతిలోని ఫోను చూసి, నన్ను చూసింది.

"అమ్మమ్మా, గిది నువ్వే రాసినవంటే ప్రూఫ్ ఏమన్న ఉన్నదా?"

మాకు వచ్చిన అసలు కార్డు నీళ్ళలో పోయింది. కరపత్రాలు పొట్లాలై పోయాయి. నమ్మిన మనిషి పోయాడు. వంటింటి గుమ్మంలో మేనకోడలు గరిటె పట్టుకుని వింటోంది.

"ప్రూఫా? గాడ నిలవడ్డది సూడు" అన్నాను. "మా వదిన, మీ సొంత అమ్మమ్మ, గ్రహణంల మూడు చెంబుల నీళ్ళు తాగింది. మీ అమ్మ పెదవి సూడు."

పిల్ల వెనక్కి తిరిగి తన తల్లి ముఖాన్ని, అంతకు ముందెప్పుడూ చూడనట్టు, చాలాసేపు చూసింది. తర్వాత ఫోను పక్కన పెట్టి, నీళ్ళ గ్లాసు అందుకుంది.